కింది మూడు వేళ్లు

మా విల్లు మైదానానికి ఈ ఏడాదితో అరవై ఏళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో తక్ మల్సూన్ గురించి నాలుగు పేజీలు రాసే పని నా నెత్తిన పడింది. "నీ దస్తూరీ బాగుంటుంది, పైగా ఆమె విల్లు పిడికి కట్టు కట్టింది నువ్వేగా" అన్నారు. దస్తూరీ సంగతి నిజమే. రెండో మాట దగ్గరే వచ్చింది చిక్కు. కాదనలేకపోయాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి.

అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆమెను పొగడటానికి నేను తగిన మనిషిని కాను. ఆ మనిషిని చూసి కుళ్లుకున్నంతగా నా జన్మలో ఎవర్నీ చూసి కుళ్లుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా మానలేదు. ఇందులో ఏం ఉంచుతారో, ఏం కొట్టేస్తారో పుస్తకం వేసేవాళ్ల ఇష్టం.

నా పేరు ప్యో దల్సు. రేవు వీధిలో హార్డ్‌వేర్ కొట్టు నాది. తాళంచెవులు కోస్తాను, పంపులు బాగుచేస్తాను. యాభయ్యో ఏట మైదానంలో చేరాను. మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అయినా, పుస్తకం పొరుగూరివాళ్ల చేతిలో పడొచ్చు కనక ఒక్క ముక్క చెప్తాను. గీత మీద వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరం ఒక్కో బాణం వేస్తాం. అలా అయిదు చుట్లు. గురిపలక నూట నలభై అయిదు మీటర్ల అవతల, చిన్న వాగు దాటాక ఉంటుంది. తగిలితే పలక మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఒకే విడతలో అయిదుకి అయిదూ తగిలించిన మనిషిని ఆ రోజు నుంచి 'జప్‌జాంగ్' అని పిలుస్తారు. జీవితంలో ఒక్కసారి తగిలిస్తే చాలు, ఆ పిలుపు చచ్చేదాకా ఉంటుంది. సమాధి రాయి మీద కూడా చెక్కించుకున్నవాళ్లున్నారు.

మంగలి యోమ్ నా తర్వాత రెండేళ్లకి చేరాడు. నాలుగేళ్లు తిరిగేసరికి యోమ్ జప్‌జాంగ్ అయి కూర్చున్నాడు. నేను పదకొండేళ్లూ ఉత్త ప్యో దగ్గరే ఆగిపోయాను. నాలుగు తగిలేవి. అయిదోది మాత్రం కుడిపక్కకి జారి గడ్డిలో పడేది. "నాలుగు బాణాల ప్యో వచ్చాడండోయ్" అని యోమ్ కత్తెర ఆడించినట్టు నోరాడించేవాడు. పైకి నవ్వేవాణ్ని. క్షవరానికి మాత్రం పక్క వీధికి వెళ్లడం మొదలుపెట్టాను.

నా జబ్బేమిటో నాకు తెలుసు. బాణం లాగేది కుడిచెయ్యే అయినా దాన్ని గురికి పంపేది విల్లు పట్టుకున్న ఎడమచెయ్యి. విల్లుని గుప్పిట్లో అడ్డంగా ముద్దలా బిగిస్తే అది మొద్దుపట్టు. సరైన పట్టులో పిడి అరచేతికి ఏటవాలుగా దిగుతుంది. చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు మాత్రమే బిగుస్తాయి. చూపుడువేలు, బొటనవేలు ఊరికే ఆనుకుని ఉంటాయి. ఆ రెంటి మధ్య కండని మావాళ్లు పులినోరు అంటారు, దానితో విల్లుని ముందుకి తొయ్యాలి. మా గురువు గుక్‌గారికి ఎనభై ఏళ్లు, ఆయన చెప్పేది ఒకటే మాట. "కింది మూడు వేళ్లు ఇంటివాళ్లు, పై రెండూ చుట్టాలు. చుట్టాలచేత పని చేయించకూడదు." నా చేతికి ముప్పై ఏళ్లుగా పైపుపానా పట్టుకోవడం అలవాటు. పానాకి చుట్టాలూ ఇంటివాళ్లూ తేడా లేదు, అయిదు వేళ్లూ చాకిరీ చెయ్యాల్సిందే. మొదటి నాలుగు బాణాలకీ ఎలాగో గుర్తుపెట్టుకునేవాణ్ని. అయిదోది ఎక్కుపెట్టేసరికి ఆశ పుట్టేది, ఆశ పుట్టేసరికి పిడికిలి బిగిసేది.

కొత్తవాళ్లకి మొదటి మూడు నెలలు గురువు చెప్తారు. ఆ తర్వాత అడగనిదే ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. అది మా మైదానం పద్ధతి. నేను అడగలేదు. కొట్లో పొద్దస్తమానం అందరూ నన్నే అడుగుతారు, ఈ బోల్టుకి ఏ నట్టు సరిపోతుందండీ అని. ఒకర్ని అడగడం నాకు అలవాటు లేని పని.

అలాంటి నా కళ్లముందు, మూడేళ్ల కిందట మార్చి నెలలో, రబ్బరు బూట్లతో దిగింది మల్సూన్. యాభై మూడేళ్లు. పొట్టి మనిషి, వంగిన వీపు, సముద్రం వాసన.

"వీపు తిన్నగా నిలబడాలంటే రొమ్ము విరిచి చేసే పనేదైనా చెయ్యమన్నాడండి డాక్టరు" అంది గురువుగారితో. "ఈతకి పొమ్మన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు నీళ్లలో నానాను, ఇంక నావల్ల కాదన్నాను. మీ దగ్గరైతే పొడిగా ఉంటుందని వచ్చానండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఆమెమీద ఏమీ లేదు.

మూడో రోజు గురువుగారు ఆమె చేతికి ఉత్త విల్లు ఇచ్చారు. ఆమె పట్టుకుంది. ఆయన కర్ర ఎత్తారు, తప్పుగా ఉన్న వేలిమీద తట్టడానికి. ఎత్తిన కర్ర అలాగే దించేశారు. ఆమె ఎడమచెయ్యి అందుకుని, బజారులో చేపని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏం పని చేస్తావమ్మా?"

"షెడ్డులో ఆల్చిప్పలు ఒలుస్తానండి."

"ఎడంచేత్తోనా?"

మల్సూన్ చటుక్కున ఆ చెయ్యి వెనక్కి దాచుకుంది. యాభై దాటిన మనిషి, బళ్లో పట్టుబడిన పిల్లలా. "అవునండి. మార్చమంటే మారుస్తానండి. కుడిచేత్తో పట్టుకోమంటే పట్టుకుంటాను."

"మార్చావంటే ఊరుకోను" అన్నారు గురువుగారు. "పట్టు గురించి నీకు చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. వెళ్లి లాగడం నేర్చుకో."

పట్టు గురించి చెప్పడానికి ఏమీ లేదు! నాకు మూడు నెలలు కర్రతో తట్టీ తట్టీ వేళ్లు వాచాయి. ఈ రబ్బరు బూట్ల మనిషికి మూడో రోజునే ఏమీ లేదట. నా కుళ్లు మొదలైంది ఆ క్షణమే. తేదీతో సహా చెప్పగలను, ఎందుకంటే ఆరోజు కొట్లో ఒకాయనకి తప్పు తాళంచెవి కోసిచ్చాను.

ఆమె కథ నేను అడగలేదు. బాణాలు ఏరుకొచ్చే దారిలో తనే చెప్పేది, అడిగినా అడక్కపోయినా. ఎదురుగా ఉన్న దీవిలో పుట్టింది. ఆరో ఆడపిల్ల. ఇక ఆడపిల్లలు చాలు అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టేశారు. పైగా ఎడమచేతివాటం. అన్నం దగ్గర నాయనమ్మ ఆ చేతిని గుడ్డతో నడుముకి కట్టేసేదట. "చెంచా కుడిచేతికి వచ్చిందండీ, రాత కుడిచేతికి వచ్చింది, కత్తి మాత్రం రాలేదు" అనేది. పదిహేనో ఏట షెడ్డులో చేరింది. అక్కడ ఆడవాళ్లు బల్లకి అటూ ఇటూ భుజాలు రాసుకుంటూ నిలబడి ఒలుస్తారు. అందరిదీ కుడిచెయ్యి, ఈమెది ఎడమ. పక్కామె మోచేతికి ఈమె మోచెయ్యి తగిలేది, తిట్లు పడేవి. చివరికి బల్ల కొసన, తలుపు పక్కన నిలబెట్టారు. సముద్రపు గాలి నేరుగా కొట్టే చోటు. ముప్పై ఎనిమిది చలికాలాలు ఆ తలుపు పక్కనే గడిపింది. అత్తగారు వాళ్లింట్లో ఎడమచేత్తో గరిటె పట్టనివ్వలేదట. ఈమధ్య మనవరాలు ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే, సరిచెయ్యబోయిన వియ్యపురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసింది. "నా పట్టు ఎలాంటిదో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది" అని పకపకా నవ్వింది.

ఆ కథ విని జాలిపడాలి కదా. పడలేదు. నాకు వినపడింది ఒక్కటే. పొట్టికత్తి పిడిని అరచేతిలో ఏటవాలుగా, కింది మూడు వేళ్లతో బిగించి, బొటనవేలు వదులుగా ఉంచి, రోజుకి రెండువేల చిప్పలు. ముప్పై ఎనిమిదేళ్లు. ఆమె బతుకంతా మా గురువుగారి పాఠమే చేసింది, కూలి తీసుకుని మరీ. నా బతుకు పానాతో గడిచింది. దేవుడు ఆమెకి దెబ్బలు పెట్టి పట్టు ఇచ్చాడు, నాకు కొట్టు ఇచ్చి మొద్దు చెయ్యి ఇచ్చాడు. ఇదేం న్యాయం అనిపించింది.

"ఏమండీ, ఈమధ్య అన్నం తింటూ ఎడంచేతి వంక చూసుకుంటున్నారు. తిమ్మిరా?" అంది మా ఆవిడ.

"ఏం లేదు."

"ఆ ఆల్చిప్పలావిడ రెండో నెల్లోనే మూడు తగిలించిందటగా? యోమ్ పెళ్లాం చెప్పింది."

"తగిలిస్తే తగిలించుకోనీ. నాకేం కుళ్లు లేదు."

"కుళ్లన్న మాట నేను అన్లేదే!" అని కిమ్చీ పచ్చడి గిన్నె నా ముందుకి తోసింది.

సెప్టెంబరు ఆఖర్లో మల్సూన్ సొంత విల్లు కొనుక్కుంది. కొత్తవాళ్ల పిడికి కట్టు పెద్దవాళ్లెవరైనా కట్టివ్వాలి. గురువుగారికి చూపు మందగించింది. "ప్యో చేతిపని శుభ్రంగా ఉంటుంది, అతనిచేత కట్టించుకో" అన్నారు. ఆమె రెండు చేతులతో విల్లు పట్టుకొచ్చి నా కొట్లో బల్లమీద పెట్టింది. "అన్నయ్యా, మీరు కట్టింది ఊడదని అందరూ అంటున్నారు" అంది.

ఆ కట్టులో నేను చేసిన పని ఆమెకీ, నాకూ, మా ఆవిడకీ తప్ప ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు.

పిడి మీద కార్కు పొర వేసి, దాని మీద మెత్తటి తోలు, తోలు మీద నూలుగుడ్డ పట్టీ చుడతాం. అరచేతి మడమ ఆనే వైపున కార్కు కొంచెం పల్చగా ఉంటేనే పిడి ఏటవాలుగా దిగుతుంది. నేను అక్కడ ఇంకో కార్కు బద్ద పెట్టాను. రెండు అట్టముక్కల మందం. కంటికి కనపడదు. కానీ ఆ బద్ద ఉంటే ఎంతటి చెయ్యయినా మెల్లగా మొద్దుపట్టులోకి జారిపోతుంది. అంచులు గరుకు కాయితంతో రుద్ది నున్నగా చేశాను. ఆమె అరచెయ్యి కోసుకుపోకూడదని ఆ జాగ్రత్త. ద్రోహంలో కూడా పనితనం చూపించాను, ఆ అలవాటు పోలేదు.

రెండు వారాలు నాకు పండగ. మూడు తగిలే మనిషికి ఒకటి తగిలింది, తర్వాత అదీ పోయింది. బాణాలన్నీ కుడిపక్క గడ్డిలోకి, సరిగ్గా నా అయిదో బాణం పడే చోటికి. నేను ఏరడానికి వెళ్తే అక్కడ ఆమె బాణాలు కనపడేవి. పదకొండేళ్లలో మొదటిసారి నాకు అక్కడ తోడు దొరికింది. ఇంటికి వచ్చి అన్నం రెండోసారి వడ్డించుకునేవాణ్ని.

మల్సూన్ ఎవర్నీ అడగలేదు. అడగలేదు కనక గురువుగారు చెప్పలేదు. పంటిబిగువున నిలబడి వేసేది. బొటనవేలు మొదట్లో బొబ్బ ఎక్కింది, పగిలింది, గుడ్డ కట్టుకొచ్చింది. ఎండాకాలం మూసి ఉంచిన షెడ్డు అక్టోబరులో తెరిచారు. ఆ వేలితో కత్తి పట్టుకోలేక ఒలుపు సగానికి పడిపోయిందట. బల్ల దగ్గరి ఆడవాళ్లు "ఏమే, విల్లో కత్తో ఏదో ఒకటి తేల్చుకో. రెంటికీ చెడిపోయేలా ఉన్నావ్" అంటున్నారని నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు చూశాక బద్ద తీసేద్దామా అనుకున్నాను. కానీ ఇప్పుడు విప్పి సరిచేస్తే ఎందుకు విప్పావంటారు. అలాగే వదిలేశాను.

ఆ మరుసటి వారం ఆమెకి మూడు తగిలాయి. తర్వాతి రోజు నాలుగు. కట్టు చూస్తే నా కట్టే, అదే గుడ్డ, అవే మడతలు. బద్ద లోపల ఉండగా ఎలా తగులుతున్నాయో అర్థం కాలేదు. ఇవ్వనిదే ఒకరి విల్లు ఇంకొకరు ముట్టకూడదు కనక తీసి చూడటానికి లేదు. ఈ మనిషి చెయ్యి నా దొంగపనిని కూడా మింగేసిందా అని కుతకుతలాడిపోయాను.

నవంబరులో ఒక పొద్దున, మంచు కరిగి గడ్డి తడిగా ఉంది. ఏడుగురం గీత మీద నిలబడ్డాం. నేను రెండో చోట, మల్సూన్ అయిదో చోట. మొదటి బాణానికి ముందు ఎవరైనా సరే "విల్లు నేర్చుకుంటున్నాను" అనాలి, మిగతావాళ్లు "ఎక్కువ తగిలించండి" అనాలి. గురువుగారు కూడా అలాగే అంటారు. అన్నాం. వేశాం. మొదటి చుట్టు నాకు తగిలింది, ఆమెకీ తగిలింది. రెండు, మూడు, నాలుగు. ఇద్దరికీ నాలుగు.

గీత మీద మాట్లాడకూడదు. కానీ మాట్లాడకపోవడంలో రకాలున్నాయి. యోమ్ ఊపిరి బిగబట్టిన చప్పుడు కూడా వినపడింది నాకు. అయిదో బాణం ఎక్కుపెట్టాను. కింది మూడు వేళ్లు, కింది మూడు వేళ్లు అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను, నా తర్వాత ఇద్దరు మనుషుల అవతల నిలబడ్డ రబ్బరు బూట్లే నా కళ్లముందు కదిలాయి. ఆమె కంటే ముందు. ఒక్క నిమిషం ముందైనా చాలు. చుట్టాలిద్దరూ ఇంట్లో జొరబడి పిడికిలి బిగించేశారు. బాణం వెళ్లింది. దీపం వెలగలేదు.

మల్సూన్ వంతు వచ్చింది. ఆమె నావైపు చూడలేదు, గురివైపు కూడా ఎక్కువసేపు చూడలేదు. చిప్ప తెరిచినంత మామూలుగా లాగి వదిలింది. ఎర్రదీపం వెలిగింది. ఆ వెనకే టక్కుమన్న చప్పుడు వాగు దాటి వచ్చింది.

అరుపులు, చప్పట్లు. మా ఆచారం ప్రకారం కొత్త జప్‌జాంగ్ మొదట గురువుకి, తర్వాత తన పిడికి కట్టు కట్టిన మనిషికి నేలకి వంగి దండం పెట్టాలి. సొంతంగా కట్టుకున్నవాళ్లకి ఆ రెండో దండం ఉండదు. మల్సూన్ గురువుగారికి మొక్కింది. లేచి తడిగడ్డి మీద నడిచి నా ముందుకి వచ్చి మోకాళ్లమీద కూర్చుని నుదురు నేలకి ఆనించింది. అందరూ నన్ను చూసి చప్పట్లు కొట్టారు. "నాలుగు బాణాల ప్యో కట్టిన కట్టుకి అయిదు తగిలాయిరోయ్!" అన్నాడు యోమ్. భూమి బద్దలై నన్ను మింగితే బాగుండుననిపించింది.

విందుకని షెడ్డు నుంచి తెప్పించిన ఆల్చిప్పల అట్లూ బియ్యపుకల్లూ అందరూ తింటూ తాగుతూ ఉండగా, మల్సూన్ బాణాలు ఏరే దారిలో నా పక్కన చేరింది. జేబులోంచి ఒక చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే నా కార్కు బద్ద.

"ఇది మీది, అన్నయ్యా. మంచి కార్కు, పారెయ్యబుద్ధి కాలేదు."

"అది... పొరపాటున..." అన్నాను.

"పెద్దవాళ్లు కట్టింది కదా, నా చెయ్యే అలవాటు పడాలని రెండు వారాలు చూశానండి. వేలు పోయేలా ఉంటే షెడ్డులో బల్లమీద పెట్టి విప్పాను. అంచులు ఎంత నున్నగా రుద్దారో! తెలీక చేసిన పనికి అంత నునుపు రాదన్నయ్యా."

"మరి నాకెందుకు మొక్కావ్?" కోపంగానే అడిగాను. సిగ్గు పడాల్సిన చోట కోపం రావడం నాకు మొదట్నుంచీ ఉంది.

"కట్టు మీదేగా. బద్ద ఒక్కటే తీశాను, గుడ్డ మీ మడతల్లోనే చుట్టేశాను." మళ్లీ తనే అంది, "నా ఎడంచేతిమీద కోపం పెట్టుకున్న మొదటి మనిషి మీరు కాదు లెండి. నాయనమ్మయితే ముడేసేది. మీరు నయం, బద్దతో సరిపెట్టారు."

ఆ చలికాలమంతా నేను మైదానానికి వెళ్లలేదు. మోకాలి నొప్పి అన్నాను. పొట్లం కొట్లో మేకుల డబ్బాలో పడేశాను. మా ఆవిడ మేకుల కోసం వచ్చి బద్ద చూసింది, నన్ను చూసింది, మొత్తం చెప్పించింది. విని తిట్టలేదు. "పదకొండేళ్లు ఒక ముసలాయన్ని 'నా చెయ్యి ఎక్కడ తప్పండీ' అని అడగలేక, ఇంత పని చేశారా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరిలో విల్లు సంచీలో పెట్టుకుని షెడ్డుకి వెళ్లాను. ఆడవాళ్లంతా కత్తులాపి చూశారు. తలుపు పక్కన, బల్ల కొసన, చలిగాలిలో మల్సూన్. విల్లు తీసి ఆమె ముందు పెట్టాను.

"నా చెయ్యి ఎక్కడ తప్పు?" అన్నాను. ఆ నాలుగు మాటలు అనడానికి రేవు చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చాను.

ఆమె విల్లు ముట్టలేదు. ఎడమచేతిలోని కత్తి నా ఎడమచేతిలో పెట్టింది. "ముందు ఒకటి ఒలవండి."

ఒలిచాను. అంటే ఒలవబోయి వేలు కోసుకున్నాను. ఎదుటామె కిసుక్కుమంది. మల్సూన్ నా పట్టు చూసి చెప్పింది. "బొటనవేలితో తోస్తున్నారు అన్నయ్యా. దానికి పని చెప్పకండి. చిటికెనవేలితో మొదలెట్టండి, తడిగుడ్డ పిండినట్టు." నేను ఒకటి తెరిచేలోపు ఆమె ఇంకో కత్తితో పది తెరిచింది. నేర్చుకోవడానికి వచ్చినవాణ్ని కూడా ఆ పది చూసి కుళ్లుకున్నాను. ఆ నెలంతా కొట్టు మధ్యాహ్నాలు మా ఆవిడకి అప్పజెప్పి రోజూ వంద చిప్పలు ఒలిచాను. కూలి అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. నెలాఖరుకి మల్సూన్ నా విల్లు అందుకుని, కట్టు విప్పి, "ఆ బద్ద తెచ్చారా?" అంది. జేబులోంచి తీసిచ్చాను. దాన్ని కత్తితో సగానికి పల్చగా చెక్కి, నేను ఆమెకి పెట్టిన చోట కాకుండా దానికి ఎదురు వైపున, పులినోటి కింద పెట్టి చుట్టేసింది. నా అంత శుభ్రంగా ఏమీ చుట్టలేదు. మడతలు వంకర. పట్టుకుంటే పిడి తనంతట తనే ఏటవాలుగా దిగింది.

కిందటి ఏప్రిల్ పంతొమ్మిదిన, గాలి లేని పొద్దున, నాకు అయిదు తగిలాయి. అయిదో దీపం వెలిగినప్పుడు నేను నమ్మలేదు, దీపం పాడైందేమో, బాగుచెయ్యాలనుకున్నాను. గురువుగారికి మొక్కి లేచాను. అంతా విందు ఏర్పాటుకి కదలబోయారు. ఏళ్ల తరబడి నా కట్టు నేనే కట్టుకుంటానని అందరికీ తెలుసు, రెండో దండం లేదని వాళ్ల లెక్క. నేను ఊరుకుంటే సరిపోయేది. మల్సూన్ కూడా విల్లు తుడుచుకుంటూ ఊరుకుంది.

నేను వెళ్లి ఆమె ముందు మోకాళ్లమీద కూర్చుని నుదురు నేలకి ఆనించాను. చప్పట్లు లేవు, యోమ్ కూడా ఎత్తిన చేతులు దించేశాడు. ఒంగుతూ కూడా నా మనసు మంచిగా లేదు. నా ఒక్కరోజులో కూడా ఈమెకి వాటా ఉందే అని మండుతూనే ఉంది. ఎవరైనా నన్ను ఆ పిలుపుతో పిలిస్తే మంట చల్లారుతుందేమో అనుకున్నాను. ఎవరూ పిలవలేదు. తలెత్తేసరికి మల్సూన్ నా ఎడమచేతి వంకే చూస్తోంది.

"ప్యో జప్‌జాంగ్ గారూ," అంది మెల్లగా, నాకొక్కడికే వినపడేలా, "అయిదోదానికి మళ్లీ బొటనవేలు బిగించారు."